అరుగు మీద పంచాయితీ

మనిషికి కోపం తెప్పించాలంటే అతని ఆస్తిపాస్తుల జోలికి వెళ్ళనక్కరలేదు. అతనికి నచ్చిన సినిమా ఏమంత బాగా లేదంటే చాలు. ఈ సత్యం నాకు మొన్న ఆరుద్ర కార్తెలో మా ఇంటి అరుగు మీద బోధపడింది.

అనంతపురంలో ఆరుద్ర కార్తె ఎలా వుంటుందో బయటివారికి తెలియదు. మబ్బులు పడమటి నుంచి వస్తాయి. మమ్మల్ని పలకరించకుండానే తూర్పుకు పోతాయి. వాటి వెనక గాలి మాత్రం బోలెడంత. ఏడాది మొత్తం మీద సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలనుకునే జిల్లా మాది. రైతు విత్తనపు కాయలు వొలిపించి పెట్టుకుని ఆకాశం కేసి చూస్తుంటాడు. అతనికి అప్పిచ్చినవాడు అతని కేసి చూస్తుంటాడు. ఇద్దరికీ చేతిలో పని వుండదు. అటువంటి రోజుల్లోనే అరుగులు నిండుతాయి, నోళ్ళు తెరుచుకుంటాయి.

సంగతేమిటంటే, జూలై 1వ తేదీ కె.వి.రెడ్డిగారి పుట్టినరోజు. ఆయన 1912లో మా తాడిపత్రిలో పుట్టారు. సినిమాలు తీసింది మద్రాసులోనే అయినా, పెన్న ఒడ్డు మనిషి కాబట్టి మావాడు అని చెప్పుకోవడానికి మాకు హక్కుంది. ఆ రోజు సాయంత్రం వీధిలో తెర కట్టి ఆయన సినిమా ఒకటి వెయ్యాలని మా వీధి కమిటీ తీర్మానించింది. ఒక్కటే సుమండీ! రెండో సినిమాకు చందాలు చాలలేదు. తెలుగులో ఆయన తీసినవి 14. అందులో ఒక్కటి ఏరాలి. ఇంకేం, పంచాయితీ మొదలైంది.

ముందుగా మా బావమరిది లేచాడు. అతనికి విత్తనాల కొట్టు వుంది. ఈ యేడు బేరాలు లేవు గనక గొంతులో శక్తి అంతా మిగిలివుంది. "బావా, వేరే మాట లేదు. 'పాతాళభైరవి' వెయ్యాల్సిందే. 1951లో వచ్చింది. ఆ మరుసటి యేడు మన దేశంలో మొట్టమొదటి అంతర్జాతీయ చిత్రోత్సవం జరిగితే అక్కడా వేశారు. తోటమాలి కొడుకు రాజకుమార్తెను కోరాడు. రాజుగారు డబ్బు సంపాదించుకు రమ్మన్నాడు. మన బతుక్కు దగ్గరగా వుండే కథ అది!"

"నీ బతుకులో రాజకుమార్తె ఎవరు?" అని లోపలినుంచి వాళ్ళక్క, అంటే మా ఆవిడ, అడిగింది. బావమరిది సమాధానం చెప్పకుండా నావైపు జాలిగా చూశాడు.

రిటైరయిన హెడ్మాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారంటే పాఠం మొదలవుతుందని అర్థం. "హాస్యం అంటే వెకిలితనం కాదు నాయనా. హాస్యానికి పళ్ళుండాలి. 1954లో వచ్చిన 'పెద్దమనుషులు' చూడండి. నార్వే దేశపు ఇబ్సెన్ 1877లో రాసిన నాటకం దానికి మూలం. దాన్ని తెచ్చి మన మునిసిపాలిటీలో కూర్చోబెట్టారు. మాటలు డి.వి.నరసరాజుగారివి. ఊళ్ళో అందరూ దండం పెట్టే చైర్మన్ ధర్మారావు లోపల ఎటువంటివాడో బయటపెట్టడానికి ఒక్కడికీ ధైర్యం లేదు. చెప్పేవాడు తిక్క శంకరయ్య ఒక్కడే. రేలంగి! పిచ్చివాడి నోట నిజం పలికించి జనాన్ని నవ్వించడం మాటలనుకున్నారా? దానికి రాష్ట్రపతి రజతపతకం వూరికే ఇచ్చారా?"

ఈ ఉపన్యాసం సాగుతుండగా నాకు కొంచెం ఇబ్బందిగా వుంది. ఎందుకంటే తెరకూ, ప్రొజెక్టరు అద్దెకూ ముప్పాతిక మొత్తం ఇస్తానన్నది మా వీధి చివర మేడలో వుండే పెద్దమనిషి. ఆయన వ్యవహారాలు వీధిలో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు. హెడ్మాస్టరుగారు ఆ సినిమాను ఎవరికోసం వేయించాలనుకుంటున్నారో నాకు తెలిసిపోయింది. ఆయన చూపించదలచుకున్నది సినిమా కాదు, అద్దం. అద్దం చూపిస్తే అద్దె ఎవరిస్తారు?

ఇంతలో మా ఆవిడ కాఫీ గ్లాసులతో వచ్చింది. "మీ మగవాళ్ళకు పెళ్ళయ్యేదాకా వున్న కథలే కావాలి. పెళ్ళి తరవాత కథ ఒకటి తీశారు కె.వి.రెడ్డిగారు, ఎవరికైనా గుర్తుందా? 1958లో వచ్చిన 'పెళ్ళినాటి ప్రమాణాలు'. పెళ్ళిపీటల మీద చేసిన ప్రమాణాలు మొగుడు ఎంత సులువుగా మరిచిపోతాడో చూపించారు. రమణారెడ్డి వేసిన సలహాలరావు లాంటివాళ్ళు ప్రతి వీధిలోనూ వున్నారు" అంటూ వాళ్ళ తమ్ముడి చేతిలో గ్లాసు పెట్టింది. ఆ సినిమా ఆయన సొంత సంస్థ జయంతి పిక్చర్సు వారిదనీ, సొంత డబ్బు పెట్టి తీసినప్పుడే మనిషి మనసులో మాట బయటపడుతుందనీ కూడా వాదించింది. నేను మాట్లాడలేదు. ప్రమాణాల విషయంలో మగవాడు మౌనంగా వుండడం మంచిది.

పిల్లలు మాత్రం ఒకటే పాట: 'మాయాబజార్'! దాన్ని ఫోన్లలో వందసార్లు చూశారు. 2010లో రంగులద్ది విడుదల చేసిన ప్రతి కూడా చూశారు. ఘటోత్కచుడి భోజనం, నోట్లోకి వాటంతట అవే ఎగిరివచ్చే లడ్లు, వాళ్ళకంతే చాలు. "పిల్లల సినిమా కదూ అది!" అని బావమరిది చప్పరించాడు. "రాళ్ళు వేసేవాడుండడు, పొగిడేవాడే గానీ! అటువంటి సినిమాకు మళ్ళీ ఓటెందుకు?" అని హెడ్మాస్టరుగారు తేల్చేశారు.

మధ్యవర్తిగా నేను ఒక ముక్క చెప్పాను. కె.వి.రెడ్డిగారు సినిమాలోకి లెక్కలు చూస్తూ వచ్చారు. తాడిపత్రి వ్యాపారి మూలా నారాయణస్వామిగారు ఆయన స్నేహితుడు. ఏ దృశ్యం ఎన్ని నిమిషాలో స్టాప్‌వాచీ పట్టుకుని ముందే కొలిచి, అంతకు మించి ఫిలిం తగలెయ్యని మనిషి. కరువు సీమలో పుట్టినవాడికి నీళ్ళయినా, నిమిషాలయినా దుబారా చెయ్యడం చేతకాదు. కాబట్టి మనమూ ఆయన పేరు మీద కాలం దుబారా చెయ్యకుండా చీట్లు వేసుకుందామన్నాను. నా మాట ఎవరూ వినిపించుకోలేదు.

అప్పుడు గుమ్మంలో కూర్చుని వక్క కత్తిరిస్తున్న మా జేజి నోరు విప్పింది. ఆమెకు తొంభై దగ్గర పడుతున్నాయి.

"మాయాబజారు పిల్లోళ్ళ సినిమానా? ఎవరు చెప్పినారబ్బీ నీకు?"

అందరం అటు తిరిగాం.

"మా చెల్లెల్ని మా మేనత్త కొడుక్కిస్తామని ఉయ్యాల్లోనే అనుకున్నారు. వరసగా రెండేండ్లు శెనక్కాయ పోయింది. ఇట్లే మబ్బులొచ్చేవి, పోయేవి. మా నాయన నగలు కుదువ పెట్టినాడు. అది తెలిసినాంక మా మేనత్త ఇంటి గడప తొక్కలా. వేరే తావు కలిగినోళ్ళ పిల్లను చేసుకున్నారు. ఆ మరుసటేడే మా వూరికి డేరా సినిమా వచ్చింది. మాయాబజారు. ఇద్దరమూ ఇసకలో కూచ్చొని చూసినాం."

జేజి అడకత్తెర పక్కన పెట్టింది.

"పాండవులు జూదంలో అంతా పోగొట్టుకున్నారని తెలిస్తానే రేవతమ్మ మొగం ఎట్ల మారిందో సూడు. అంతవరకూ కోడలు కోడలని ముద్దాడిన సుభద్రమ్మ, ఆ యింట్లో అడుక్కోను వచ్చినట్టయింది. అది సూస్తా మా చెల్లెలు నా చెయ్యి పట్టుకునింది. ఇడిసిపెట్టలా. ఇంక పెండ్లిపీటల మీద మాయ శశిరేఖ ఆ లక్ష్మణకుమారుని కాలు తొక్కితే, అది నవ్విన నవ్వు నేను ఈ పొద్దుకూ మరవలా. ఏడ్చినట్టే నవ్వింది. రెండేండ్ల తరువాత అది నవ్వింది ఆ రేత్రే."

అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. చిన్న జేజి తరవాత వేరే ఇంట్లో కోడలై, నలుగురు పిల్లల్ని కని, చక్కగానే బతికింది. ఆమెకిట్లాంటి కథ ఒకటి వుందని నాకు అంతవరకూ తెలియదు.

నేను ఆలోచనలో పడ్డాను. ఆ సినిమాలో పాండవులు తెర మీదకే రారు. డబ్బు పోయినవాళ్ళు కంటికి కనిపించరు గాబోలు! 'పాతాళభైరవి'లో రాజుగారు అల్లుణ్ణి సిరితోనే తూచాడు. 'మాయాబజార్'లో రేవతి అంతే. మా తాడిపత్రి ఆయన మనిషిని డబ్బుతో తూచే ప్రతి చోటా ఒక నవ్వు పెట్టి, ఆ తక్కెడను తలకిందులు చేశాడు. సీమలో పెరిగినవాడికి ఆ తక్కెడ సంగతి ఎవరో నేర్పాలా?

హెడ్మాస్టరుగారు ముందుగా దారికొచ్చారు. "అన్నట్టు అందులో సత్యపీఠం వుంది కదూ! దాని మీదికెక్కితే శకుని కూడా నిజం కక్కుతాడు" అన్నారు. ఆయన కళ్ళు మెరిశాయి. "తిక్క శంకరయ్య లేకపోతే ఏం, పీటయినా వుంది. సరే, మాయాబజారే కానివ్వండి."

ఒకటో తేదీ సాయంత్రం తెర కట్టాం. హెడ్మాస్టరుగారు స్వయంగా వాళ్ళింటి చేతుల కుర్చీ తెప్పించి, మేడ పెద్దమనిషిని మొదటి వరసలో మర్యాదగా కూర్చోబెట్టారు. సత్యపీఠం ఘట్టం వచ్చినప్పుడు ఆ కుర్చీ కేసే చూస్తూ కూర్చున్నారు. పెద్దమనిషి అందరికంటే గట్టిగా నవ్వాడు. అద్దం చూపించినా తన ముఖం కనిపించనివాళ్ళుంటారు. హెడ్మాస్టరుగారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదట.

పెళ్ళి ఘట్టం మధ్యలో నాలుగు చినుకులు పడ్డాయి. ఇంకో వూళ్ళో అయితే జనం లేచి పరుగెత్తేవారు. మా వీధిలో ఒక్కరు లేవలేదు. తెర మీద రేలంగిని వదిలేసి అందరూ తలలెత్తి పైకి చూశారు. సినిమా ఆగిపోతే పోనీ, పడనీ అని ప్రతివాడి మనసులోనూ వుంది. ప్రొజెక్టరు కుర్రాడు ఒక్కడే గొడుగు పట్టుకుని కంగారు పడ్డాడు.

ఆ చినుకులు ఐదు నిమిషాలకే ఆగిపోయాయి. తలలు దిగాయి. తెర మీద మాయ శశిరేఖ పెళ్ళికొడుకు కాలు తొక్కింది. వెనక నుంచి మా జేజి నవ్వు వినిపించింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

బావమరిది మాత్రం ఇంకా వొప్పుకోలేదు. వచ్చే యేడు వానలు బాగా పడితే రెండు సినిమాలు వెయ్యాలనీ, అందులో ఒకటి 'పాతాళభైరవి' కావాలనీ ఇప్పట్నించే ప్రచారం చేస్తున్నాడు. వానలు పడితే వాడికి అరుగు మీద కూర్చునే తీరిక ఎక్కడిది? వాడికా తీరిక లేకుండా పోవాలనే నేను కోరుకుంటున్నాను.