‘కావచ్చు’కు కొలత

స్కాన్ రిపోర్టు చేతికొచ్చాక చాలా ఇళ్లలో దాన్ని చదివే పని ఇంటర్మీడియెట్ చదివే మనవరాలి మీద పడుతుంది. ‘ఏం రాశారో చెప్పమ్మా’ అంటారు పెద్దవాళ్లు. ఆ అమ్మాయి నేరుగా చివర ఉన్న ‘ఇంప్రెషన్’ దగ్గరికి వెళ్తుంది. అక్కడ ‘మే బి’ అనో, ‘కుడ్ రిప్రజెంట్’ అనో, ‘కెనాట్ బి రూల్డ్ అవుట్’ అనో ఉంటుంది, పక్కనే ఒక పెద్ద జబ్బు పేరు. వినేవాళ్ల చెవిన పడేది ఆ పేరొక్కటే. డాక్టరును కలిసేది ఎల్లుండి. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకుండదు.

తప్పు ఆ పిల్లది కాదు. ‘మే’కు భూతకాలం ‘మైట్’, ‘కెన్’కు ‘కుడ్’ అని బడిలో పట్టిక వేసి బట్టీ పట్టించాం. చరిత్ర చూస్తే అది నిజమే. పాత ఇంగ్లిష్‌లో ‘మే’ బలాన్ని, ‘కెన్’ తెలిసి ఉండటాన్ని చెప్పిన క్రియలు, వాటి భూతకాల రూపాలే ‘మైట్’, ‘కుడ్’. కానీ ‘ఇట్ మైట్ రెయిన్ టుమారో’ అన్నప్పుడు అందులో గడిచిన కాలం ఎక్కడుంది? రేపటి వాన మీద చెప్పేవాళ్లకున్న నమ్మకం ఎంతో అది చెబుతోంది. ‘మస్ట్ బి’ అంటే ఆనవాళ్లను బట్టి అయ్యే ఉంటుందని. ‘కాంట్ బి’ అంటే అయ్యే వీల్లేదని. ‘మే నాట్ బి’ అంటే కాకపోవచ్చని మాత్రమే. ఈ చివరి రెండింటినీ ఒకటిగా చదివితే ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? ఇక ‘కెనాట్ బి రూల్డ్ అవుట్’ అంటే జబ్బు ఉందని కాదు, లేదని ఈ ఒక్క పరీక్షతో తేల్చలేమని. ఆ రిపోర్టు రాసేది మనల్ని పంపిన డాక్టరు కోసం. ఆయనకది తర్వాత ఏ పరీక్ష చేయించాలో ఆలోచించుకోవడానికి ఒక సూచన.

మన పిల్లలకు ఈ తేడాలు కొత్తేమీ కాదు. ‘వచ్చేట్టున్నాడు’, ‘వస్తాడేమో’, ‘రావచ్చు’, ‘వచ్చే ఉంటాడు’ అని ఇంట్లో రోజూ అంటూనే ఉంటారు, ఒకదాని బదులు ఇంకొకటి వాడరు. అనుమతికీ అవకాశానికీ ‘మే’ ఒక్కటే పనికొచ్చినట్టు మన ‘వచ్చు’ కూడా రెండింటికీ పనికొస్తుంది. ఇంత చేతిలో ఉంచుకుని పాఠాన్ని కాలాల పట్టికతో మొదలుపెట్టడం నాకు బాధగా ఉంటుంది.

ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చినవాళ్లకూ ఈ ఇబ్బంది తప్పలేదు. 1951లో యుగొస్లావియా మీద దాడికి ‘సీరియస్ పాసిబిలిటీ’ ఉందని అమెరికా గూఢచార నిపుణులు నివేదిక ఇచ్చారు. ఆ మాటకు అర్థమేమిటని ఆ నిపుణుల్లో ఒకరైన షెర్మన్ కెంట్ తన సహచరులనే అడిగితే ఒకరు నూటికి 20 పాళ్లన్నారు, ఇంకొకరు 80 అన్నారు. అందరూ కలిసి కూర్చుని ఒప్పుకున్న మాట అది! అలాంటి మాటలకు అంకెలు కట్టాలని ఆయన 1964లో వ్యాసం రాశారు. ఇప్పుడు వాతావరణ మార్పులను అధ్యయనం చేసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐపీసీసీ నివేదికల్లో ‘లైక్లీ’ అంటే 66 శాతానికి తగ్గదు, ‘వెరీ లైక్లీ’ అంటే 90కి తగ్గదు. ఐరోపా సమాఖ్య దేశాల్లో మందుపెట్టెలోని కాగితం మీద దుష్ఫలితం రావచ్చని రాసి వదిలేయరు. పదిమందిలో ఒకరికి మించి వస్తుందా, వెయ్యిమందిలో ఒకరి వరకే వస్తుందా అన్నదీ రాస్తారు. అలాంటి లెక్క తెలియక, ‘మే కాజ్’ అన్న మాట చూసి భయపడి, వేసుకోవలసిన మాత్రను పక్కన పెట్టేసేవాళ్లు మన చుట్టూ ఎందరో.

తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ పీరియడ్‌లో ఒక్కరోజు పాఠ్యపుస్తకం మూసి స్కాన్ రిపోర్టో, మందుపెట్టెలోని కాగితమో ఒకటి చదివించమని ఉపాధ్యాయులను కోరుతున్నాను. ఏ వాక్యం తెలిసిన సంగతి చెబుతోంది, ఏది ఊహ, ఏది కొట్టిపారేయలేని అనుమానం అని పిల్లలతో గీతలు గీయించండి. ఆ తర్వాత ఒక్కో వాక్యాన్నీ ఇంట్లో నాయనమ్మకు చెప్పినట్టు తెలుగులో చెప్పమనండి. మార్కులు ఆ చెప్పడానికి వేయండి.