సంతకం పెట్టినోడు ఆ నీళ్లు తాగిండా?

మొన్న దసరాకి రాయపోల్ వెళ్ళినప్పుడు, బోరు మోటారు పక్కన కూర్చుని మా నాయినకి తుమ్మలపల్లె గురించి చెప్తున్నా. కడప జిల్లాలో భూమి లోపలి నుంచి యురేనియం రాయి తవ్వుతారు, పక్కనే మిల్లులో శుద్ధి చేస్తారు, యూసీఐఎల్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ, అన్ని పర్మిషన్లూ తీసుకునే కట్టారు.. ఇలా చెప్పుకుపోతున్నా. అంతా విని ఆయన ఒక్కటే అడిగిండు: "కాయిదం మీద సంతకం పెట్టినోడు ఆ ఊరి బోరు నీళ్లు తాగిండా?"

అప్పుడు నవ్వేశాను గానీ, హైదరాబాదు బస్సెక్కాక నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే అలాంటి సంతకం నేనూ పెట్టాను. మొదటి ఉద్యోగంలో ఓ శుక్రవారం రాత్రి, సగం టెస్టులు రన్ చెయ్యకుండానే చెక్‌లిస్టులో అన్నిటికీ 'పాస్' అని కొట్టేశా. సోమవారం పొద్దున కస్టమర్ల ఫోన్లు! ప్యాచ్ వేసి బయటపడ్డాం. భూగర్భ జలాలకి ప్యాచ్ ఎక్కడ దొరుకుతుంది?

అక్కడి సంగతి కాస్త చూద్దాం. తుమ్మలపల్లె ఖనిజంలో యురేనియం దాదాపు 0.04 శాతం. అంటే టన్ను రాయికి 400 గ్రాములు. రాయిలో సున్నపు గుణం ఎక్కువ కాబట్టి యాసిడ్ పోస్తే అంతా రాయే తాగేస్తుంది. అందుకే పిండి చేసి, సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లతో వేడి మీద, ఒత్తిడిలో యురేనియం లాగుతారు. మిగతా రాయంతా బురదగా టెయిలింగ్స్ పాండ్‌కి పోతుంది. రేడియం లాంటివి చాలావరకు ఆ బురదలోనే ఉండిపోతాయి. రేడియం సగం తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. మన సపోర్ట్ కాంట్రాక్టు మూడేళ్ళు :)

కాబట్టి మొత్తం వ్యవహారం ఆ చెరువు అడుగు మీద ఆధారపడి ఉంది. నీళ్లు ఇంకకుండా బెంటొనైట్ మట్టి, పాలిథిన్ షీటు పరవాలన్నది షరతు. కొట్టాల వైపు రైతులు తమ బోర్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని మొత్తుకున్నారు. విశ్రాంత శాస్త్రవేత్త డాక్టర్ కె. బాబూరావు లైనింగ్ మీద పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకి రాశారు. 2019లో బోర్డు యూసీఐఎల్‌కి నోటీసిచ్చింది. యూసీఐఎల్ ఏమో, కాలుష్యం మా వల్ల కాదు, ఆ నేలలోనే సహజంగా యురేనియం ఉంది అంది.

ఎవరిది నిజం అని నేను తీర్పు చెప్పట్లేదు. నన్ను తొలిచేది వేరే. మిల్లు 2012లో మొదలైంది. అడుగున పొర సరిగ్గా వేశారా లేదా అన్న వాదన 2019లో! ఇది చెరువు నింపకముందు చూడాల్సిన టెస్టు కదండీ. నిండిన చెరువు అడుగు ఎవరు తవ్వి చూస్తారు?

ఇంకో తమాషా వినండి. తాగే నీళ్ళలో యురేనియం లీటరుకి 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన అణుశక్తి నియంత్రణ బోర్డు లెక్క 60. బోరులో 45 వచ్చిందనుకోండి, ఒక స్పెక్ ప్రకారం ఫెయిలు, ఇంకోదాని ప్రకారం పాసు. రిపోర్టులో అంకె లేకుండా "పరిమితికి లోబడే ఉంది" అని రాస్తే, తాగేవాడికి ఏం తెలుస్తుంది?

నేను అణువిద్యుత్తుకి వ్యతిరేకిని కాదు. రాత్రి రెండింటికి మన సర్వర్లు నడవాలన్నా కరెంటు కావాలి. నేనడిగేది ఒక్కటే: సర్టిఫికెట్‌తో పాటు లాగ్స్ కూడా ఇవ్వండి. ప్రతి బోరుకీ మిల్లు రాకముందు అంకె, ఈ నెల అంకె పక్కపక్కనే తెలుగులో పంచాయతీ గోడ మీద రాయండి. శాంపిల్ ఊరివాళ్ళ ముందు తీసి, రెండు సీసాల్లో నింపి, రెండు వేర్వేరు ల్యాబులకి పంపండి. కట్టినవాడే టెస్టు చేసి, వాడే సంతకం పెడితే దాన్ని మన ఆఫీసులోనే ఒప్పుకోం. ఊళ్ళ మీద ఎలా ఒప్పుకుంటాం?

మా నాయినకి ఇంకా జవాబు చెప్పలేదు. మీ దగ్గరుంటే చెప్పండి, సంక్రాంతికి వెళ్ళినప్పుడు వినిపిస్తా.