పరుగెత్తితే రోగం పోతుందా?

మొన్న సాయంకాలం కుంఠా నాకా దగ్గర చాయ్ త్రాగుతూ కూర్చొని యుండగా, సాంచెల మీద పనిచేసే కుర్రవాడొకడు వచ్చాడు. "తాతా, చలికాలంల యిక్కడినుంచి బార్శీ దాక పరుగెత్తుదామనుకుంటున్న. కిలోమీటరుకింత అని జనం వ్రాసిస్తే ఆ పైకం క్యాన్సరు రోగులకిస్త" అన్నాడు. బార్శీ మనకు సుమారు 70 కిలోమీటర్లు. మారథాను అంటే 42 కిలోమీటర్ల పైచిలుకు; దానిని మించిన పరుగు అల్ట్రామారథాను.

ప్రక్కనున్న పెద్దమనిషి, "బస్సుల పోయి యిచ్చిరారాదుర? నువ్వు పరుగెత్తితే రోగం పోతదా?" అన్నాడు. మేమూ నవ్వాము. రాత్రి ఆలోచిస్తే, ఆ నవ్వుకు సిగ్గు వేసినది.

కెనడా దేశంలో టెర్రీ ఫాక్స్ అనే యువకునికి 1977లో ఎముక క్యాన్సరు వచ్చి కుడికాలు తీసివేశారు. 1980 ఏప్రిల్ 12న అతడు పెట్టుడు కాలితో పరుగు మొదలుపెట్టాడు. 143 రోజులలో 5,373 కిలోమీటర్లు సాగాడు. రోగం ఊపిరితిత్తులకు ప్రాకగా సెప్టెంబరు 1న ఆగిపోయాడు. మరుసటి యేడు జూన్ 28న, 22 యేండ్ల వయస్సులో, కన్నుమూశాడు. దేశంలో తలకొక డాలరు అడిగాడు. పోకముందే 2 కోట్ల 40 లక్షల డాలర్లు చేరినవి. అతని రోగం పోలేదు. అతని పేర మాత్రం పరుగులు నేటికీ సాగుతున్నవి.

పండరికి నడిచేవారిని బస్సెందుకు ఎక్కలేదని మనమడుగుతామా? నడిచేవాని వెంట ఊరంతా మాట్లాడుతుంది. మన వీధులకు కావలసినది ఆ మాటే. మనము ఆ రోగం పేరు పైకి అనము. మా వదినగారు రొమ్ములోని గడ్డను ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. తెలిసేసరికి ఆలస్యమైనది. బీడీలు చుట్టే తల్లులు, మిశ్రీ రుద్దుకొనే అవ్వలు, బుగ్గన తంబాకు పెట్టుకొనే అన్నలు మన యిండ్లలో లేరా? నోటిలో మానని పుండు ఎందరు డాక్టరుకు చూపించారు?

దూరపు నగరమే గతి అని దిగులుపడ నక్కరలేదు. మన జిల్లాలోని బార్శీలోనే నర్గీస్ దత్ స్మారక క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది. గ్రామీణుల క్యాన్సరు లెక్కలు వ్రాసే పని అక్కడ 1987లోనే మొదలైనది. ఆ ఆసుపత్రివారు, ముంబయి టాటా స్మారక కేంద్రంవారు మొదలైనవారు కలిసి, ప్రక్కనున్న, అప్పట్లో ఉస్మానాబాదు అనబడిన జిల్లాలో 30 మొదలు 59 యేండ్ల వరకుగల 1,31,746 మంది స్త్రీలను తీసుకొని గర్భాశయ ముఖద్వార క్యాన్సరుపై పరిశోధన చేశారు. హెచ్.పి.వి. పరీక్ష ఒక్కసారి చేసిన గ్రామాలలో, ఆ క్యాన్సరు మరణాలు, ఏ పరీక్షా చేయని గ్రామాలతో పోల్చితే, సుమారు సగానికి తగ్గినవని 2009లో ప్రకటించారు. ఒకే ఒక్క పరీక్షకు యింత ఫలం!

పైకం మందులకే కాదు. రోగి వెంట పోయేవాని ఆనాటి కూలి పోతుంది. బస్సు చార్జీ, రొట్టె ఖర్చు ఉంటవి. వీటికి జడిసే చాలమంది మధ్యలో వైద్యం మానుకొంటారు.

కుర్రవానికి మేము మూడు షరతులు పెట్టాము: డాక్టరుకు చూపించుకొని, నెలల తరబడి సాధన చేసిన పిదపనే పరుగు, పైసా పైసా లెక్క సంఘంలో చదివి వినిపించాలి, చందా వ్రాసిన ప్రతి యింటినుండి ఒకరైనా పరీక్షకు పోవాలి. ఒప్పుకొన్నాడు.

మేము కిలోమీటరుకు పది రూపాయలు వ్రాశాము. నవ్విన పెద్దమనిషి కాగితం లాక్కొని పదకొండు వ్రాశాడు. ఆపైన మెల్లగా, "మా ఆమెను గూడ పరీక్షకు తోలుకపోత" అన్నాడు.

మీ యింటినుండి ఎవరు పోతారు?