ఎంసీబీకి మనిషి కనిపించడు

ఇల్లు కాలినా, మనిషి పోయినా ‘షార్ట్ సర్క్యూట్’ అని ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. నిజానికి వైరింగ్ సరిగ్గా ఉన్న ఇంట్లో షార్ట్ సర్క్యూట్‌ను ఆపడమే తేలిక. ఫేసు, న్యూట్రలు నేరుగా తగులుకుంటే కరెంటు ఒక్కసారిగా వందల ఆంపియర్లకు ఎగబాకుతుంది, బోర్డులోని ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే సరఫరా ఆపేసే స్విచ్చు) ఆ క్షణమే ట్రిప్ అవుతుంది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఎక్కువ భయపడాల్సింది చప్పుడు చేయని లీకేజీకి. ఇంటి బోర్డు నుంచి ఆరుబయటికి లాగిన వైరు తొడుగు ఎండకు పెళుసెక్కి, రేకుల అంచుకు రాసుకుని చిట్లుతుంది. ఆ రేకుల కింది ఇనుప గుంజకే జీఐ తీగతో దండెం కట్టి ఉంటుంది. వాన వెలిశాక తడి చీర ఆరేయబోయిన ఇల్లాలి చెయ్యి దాని మీద పడుతుంది. ఆమెను లాగబోయినవాళ్లకూ అదే గతి.

అప్పుడు ఎంసీబీ ఏం చేస్తుంది? ఏమీ చేయదు. తడి ఒంట్లోంచి భూమిలోకి పోయే కరెంటు మహా అయితే 200 మిల్లీ ఆంపియర్ల చిల్లర, అంటే పాత 60 వాట్ల బల్బు తీసుకునేదానికంటే తక్కువ. గుండె లయ తప్పడానికి అందులో నాలుగో వంతు చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీ లెక్కలో అది ఇంకో బల్బు వెలిగినట్టే. ‘మాకు అర్తింగు ఉంది కదా’ అంటారు. ఉండాల్సిందే. కానీ ఎండాకాలంలో మన ఎర్ర చల్క నేల తేమ లేక బిగుసుకుపోతే, గుంతలో నీళ్లు పోయని అర్తింగు పైపు నిరోధం 20 ఓంలు దాటడం వింత కాదు. 230 వోల్టులను 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. ఎంసీబీ కదలదు, మోటారు బాడీకి కరెంటు అలాగే ఉంటుంది. ఫ్యూజు కొట్టేసిందని లావుపాటి రాగి తీగ చుట్టిన స్టార్టర్ డబ్బా దగ్గరైతే ఆ కాస్త ఆశ కూడా లేదు.

ఈ లోపాన్ని పట్టేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానమా అని అది చూస్తూనే ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. అయితే అన్నీ అదే చూసుకుంటుందనుకోవద్దు. బోర్డు వెనక మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు వదులైతే దానికీ తెలియదు, ఎంసీబీకీ తెలియదు. అర ఓం నిరోధం ఉన్న జాయింటులో 10 ఆంపియర్లు పారితే 50 వాట్ల వేడి పుడుతుంది, గోడలో కాలుతున్న సాల్డరింగ్ ఇనుమన్నమాట. స్విచ్చు వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా ఆరోజే విప్పి చూపించాలి. మంట కంటే ముందు పొగే ఊపిరి తీస్తుంది. 2020 ఆగస్టు 20 రాత్రి నాగర్‌కర్నూల్ జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచి 9 మంది ప్రాణాలు కోల్పోయారు. కరెంటు గురించి మనందరికంటే బాగా తెలిసినవాళ్లు వాళ్లు.

‘ఆర్‌సీసీబీ పెడితే వానాకాలమంతా పడిపోతూనే ఉంటుంది’ అన్న ఫిర్యాదు అబద్ధం కాదు. కానీ అది పడిపోయిందంటే ఎక్కడో గోడో, గీజరో, మోటారో కరెంటు కారుస్తోందని అర్థం. దాన్ని తీసేసి నేరుగా కలిపించుకోవడమంటే కారే చోటును వదిలేసి కాపలాదారుని పంపేయడమే. ఖర్చు సంగతికొస్తే, మామూలు సెల్‌ఫోను ధరలో చిన్న భాగం. వేలాడే లైన్లు సరిచేయాల్సింది విద్యుత్ సంస్థే, అందులో మాఫీ లేదు. మీటరు దాటాక మాత్రం బాధ్యత మనది. బాధ కలిగించేదేమిటంటే, ఈ పరికరాన్ని తప్పనిసరి చేసిన కేంద్ర భద్రతా నిబంధనలే తక్కువ లోడున్న చిన్న ఇళ్లను మినహాయించాయి. రేకుల కప్పు, జీఐ దండెం ఉండేది ఆ ఇళ్లలోనే. ఇందిరమ్మ ఇళ్లకు ప్రభుత్వం దశలవారీగా 5 లక్షలు ఇస్తోంది. చివరి బిల్లు విడుదల చేసేముందు అధికారి ఆ ఇంటి బోర్డు తలుపు తెరిచి, ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ ఒక్కసారి నొక్కి చూడాలి.