బహుమతి సరైన నాటకానికే వెళ్ళింది

హాంబర్గ్ నాటకశాల 1775లో కొత్త నాటకాలకి పోటీ పెట్టింది. బహుమతి క్లింగర్ రాసిన ‘కవలలు’కి దక్కింది. ఓడిపోయినవాటిలో లైజెవిట్స్ రాసిన ‘టారెంటో జూలియస్’ ఉంది. రెండూ అన్నదమ్ముల హత్య గురించిన విషాదాంతాలే. లెస్సింగ్ మెచ్చుకున్నదీ, షిల్లర్ ఇష్టపడ్డదీ లైజెవిట్స్ నాటకాన్ని. దాంతో, కేకలెక్కువున్న నాటకం గెలిచింది, మంచి నాటకం ఓడింది అనే మాట స్థిరపడిపోయింది. ఆ మాటతోనే నాకు పేచీ.

లైజెవిట్స్ నాటకంలో గొడవ ఒక అమ్మాయి కోసం, పంతం కోసం. వాక్యం నున్నగా ఉంటుంది, నిజమే. క్లింగర్ అడిగింది అంతకన్నా ఇబ్బందికరమైన ప్రశ్న: ఆస్తి, అధికారం పెద్దకొడుక్కే ఎందుకు? అసలు పెద్దకొడుకెవరు? ఫెర్డినాండో, గ్వెల్ఫో కవలలు. ముందు పుట్టింది ఎవరో కచ్చితంగా చెప్పగలిగేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. అయినా ఎస్టేటూ, పెళ్ళికూతురు కమిల్లా, నాన్న ప్రేమా అన్నీ ఒకడికే.

నా ఉద్యోగంలో ఒకే క్షణాన వచ్చిన రెండు రికార్డుల్లో దేన్ని ముందు పెట్టాలో ఏదో ఒక నియమంతో తేల్చేస్తాం. అంతమాత్రాన మొదటిది గొప్పదనుకోం. ఆ ఇల్లు అనుకుంది. క్లింగర్ కోపమంతా దాని మీదే.

గ్వెల్ఫోది ఉత్త ఉన్మాదం అనేవాళ్ళున్నారు. హత్యని నేను సమర్థించను, నాటకమూ సమర్థించదు. సోదరుణ్ణి చంపి వచ్చి అద్దంలో తన మొహం చూసుకోలేక దాన్ని పగలగొడతాడు. పశ్చాత్తాపం గురించి ఉపన్యాసం కన్నా అది బలమైన దృశ్యం. కానీ పిచ్చి అని కొట్టిపారేస్తే ఆ పిచ్చిని పెంచిన ఇల్లు తప్పించుకుంటుంది కదా!

చివరికి రెండు నాటకాల్లోనూ తండ్రే కొడుకుని చంపుతాడు. లైజెవిట్స్ తండ్రి రాజు, కాబట్టి అది శిక్షలా కనిపిస్తుంది. క్లింగర్ తండ్రికి సింహాసనం లేదు. పంచిందీ అతనే, తీర్పు చెప్పిందీ అతనే. మనకి ఊరట దొరకదు.

ఒప్పుకోవాల్సిందీ ఉంది: కమిల్లా పాత్ర పల్చన, కేకలు నిజంగానే ఎక్కువ. కానీ క్లింగర్ చిన్నప్పుడే తండ్రి పోతే, తల్లి బట్టలుతికి పిల్లల్ని సాకింది. పుట్టుకతో ఏమీ రానివాడు పుట్టుక హక్కు గురించి మెల్లగా మాట్లాడాలని ఎందుకు కోరుకుంటాం? ఆ కోరిక సాహిత్య విలువ కాదు, మర్యాద. బహుమతి ఇచ్చినవాళ్ళు ఆ రెంటినీ కలిపెయ్యలేదు.