వంటింటి ఎరుపు, పాత కుర్చీకి కొత్త రంగు

వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కాయ బొద్దుగా ఉంటుంది, అందుకే దాన్ని టమాటా మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. పచ్చడి చూడగానే నోరూరేది ఆ రంగు వల్లే.

ఈ సంచిక వంటల పేజీల్లో ఆ మిర్చి కారంపొడిదే పెద్దపీట. రైతుబజారులో పొద్దున్నే కొన్న లేత బీరకాయ, పోపులో నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు చపాటా కారం, దించే ముందు చెంచాడు నువ్వుల పొడి. నీళ్లు పోయనక్కర్లేదు, మూత పెడితే బీరకాయ తన నీళ్లలోనే మగ్గుతుంది. తాజా కూరగాయకు ఇంతకు మించి మసాలా దట్టించడం అన్యాయం!

మిగతా పేజీలు పాత సామానువి. తాతల నాటి టేకు కుర్చీని తూకానికి అమ్మేయడం తొందరపాటు, రంగు వేస్తే మళ్లీ కొత్తగా ఉంటుంది. అయితే రంగుకు ముందు అడుగుపూత కావాలి. 2016 దాకా వరంగల్ జిల్లాలోనే ఉన్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు ముందుగా బట్టకు సుద్దమట్టి, చింతగింజల జిగురు, గంజి కలిపి పూస్తారు. అది ఆరాకే కుంచె పట్టుకుంటారు. కుర్చీకీ అదే వరుస: గరుకు కాగితంతో పాత వార్నిష్ గీకి, దుమ్ము తుడిచి, ప్రైమర్ వేసి ఆరనివ్వాలి. ఆపైన పల్చగా రెండు పూతలు. ఒక్కసారే మందంగా పూస్తే రంగు కారి చారలు కడుతుంది. వానాకాలమైతే పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆగడం మంచిది.