దరువు వేసినవాళ్ల పేరూ వేయండి

2021 సెప్టెంబరులో ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట వచ్చినప్పుడు జడ్చర్ల నుంచి అచ్చంపేట దాకా పాలమూరు జనం దాన్ని తమ ఇంటి పాటలా చెప్పుకున్నారు. ఎత్తుగడలో వినిపించిన గొంతు లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యది. ఆయన చేతిలోని పన్నెండు మెట్ల కిన్నెరను వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనె మైనంతో చేస్తారు. ఊరూరా తిరిగి జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడిన కళాకారుడి పేరు ఒక్క పాటతో రాష్ట్రమంతా తెలిసింది. మరుసటి జనవరిలో కేంద్రం పద్మశ్రీ ప్రకటించింది.

ఆ పాటకు సంగీతం కట్టిన తమన్ స్వయంగా డ్రమ్మర్. ‘బాయ్స్’ సినిమాలో తెరమీద డ్రమ్స్ వాయించిన కుర్రాడు ఆయనే. తండ్రి ఘంటసాల శివకుమార్‌దీ అదే వాద్యం. సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర పనిచేశారు.

చక్రవర్తి పాటలు ఇప్పటికీ పెళ్లి బరాత్‌లలో మోగుతూనే ఉన్నాయి. మరి వాటిలో ఏ పాటకు డ్రమ్స్ కొట్టింది శివకుమార్? ఏ పాటకు మరొకరు? వినేవాడికి తెలిసే దారే లేదు. రికార్డు అట్టల మీద సినిమా, సంగీత దర్శకుడు, రచయిత, గాయకుల పేర్లు ఉండేవి. అంతటితో సరి. ఆ రోజుల్లో మద్రాసు స్టూడియోల్లో గాయకులు, వాద్యబృందం కలిసే రికార్డు చేసేవారు. ఒక్కరు తాళం తప్పితే అందరూ మళ్లీ మొదటికి రావాల్సిందే. అంత బాధ్యత మోసిన డ్రమ్మర్‌కు కాల్‌షీటు డబ్బు దక్కేది, పేరు మాత్రం దక్కేది కాదు.

జాజ్ సంగీతంలో పద్ధతి వేరు. 1959లో వచ్చిన మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డులో వాయించిన ప్రతి ఒక్కరి పేరూ ఉంది. డ్రమ్స్ వాయించింది జిమీ కాబ్. అందులోని ‘సో వాట్’లో మైల్స్ ట్రంపెట్ అందుకునే చోట కాబ్ సింబల్‌ను ఒక్కసారి గట్టిగా కొడతాడు. ఆ మోత సన్నగిల్లేదాకా చెవి దాని వెంటే పోతుంది. ఆ ఒక్క దెబ్బ గురించి అరవై ఏళ్లు దాటినా మాట్లాడుకుంటున్నారంటే, కొట్టిందెవరో రాసి ఉండబట్టే.

అమెరికాలోనూ అందరికీ న్యాయం జరగలేదు. జేమ్స్ బ్రౌన్ ‘ఫంకీ డ్రమ్మర్’లో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన కొద్ది సెకన్ల దరువును తర్వాతి తరం వాళ్లు వందలాది ర్యాప్ పాటల్లో కోసి అతికించుకున్నారు. పాట హక్కు బ్రౌన్‌ది. దరువు సృష్టించిన స్టబుల్‌ఫీల్డ్‌కు ఆ వాడకాల నుంచి చెప్పుకోదగ్గ రాయల్టీ రాలేదు. 2017లో ఆయన కన్నుమూశారు.

మన దగ్గర పేరు లేకపోతే హక్కుకే ఎసరు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం కళాకారులకు రాయల్టీ హక్కు ఇచ్చింది. సంతోషమే. కానీ అదే చట్టంలో ఒక మెలిక పెట్టారు. సినిమాలో ఒకరి పని ఏదో సందర్భవశాత్తూ చేసినదై, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో సహా ఎక్కడా వారి పేరు వేయనిదైతే, వారిని ‘ప్రదర్శకులు’గా లెక్కించరు. తమ వాయిద్యాన్ని ఎవరైనా వికృతంగా మారిస్తే అడిగే హక్కు ఒక్కటే వారికి మిగులుతుంది. పేరు వేయకపోవడమే అలవాటైన పరిశ్రమలో, ఆ అలవాటునే కొలబద్దగా పెట్టడం అన్యాయం. సినిమా దరువు ‘సందర్భవశాత్తూ’ పడేది కాదు, పాట నడిచేదే దాని మీద. ఈ నిబంధన తీసేయాలి.

పేరొస్తే కష్టాలు తీరతాయని కాదు. పద్మశ్రీ అందుకున్న మొగిలయ్య 2024లో భవన నిర్మాణ పనుల్లో కూలీగా కనిపించారు. అయితే ఆ దృశ్యం చూసి జనం కదిలారంటే, పత్రికలు నిలదీశాయంటే, ఆయనెవరో తెలుసు కాబట్టే. పేరు తెలియని వాద్యకారుడు అదే ఇటుకలు మోస్తుంటే అడిగే దిక్కు ఉండేది కాదు.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. యూట్యూబ్‌లో ఇప్పుడు తెలంగాణ జానపద పాటలకు కొదవ లేదు. చాలా వాటి కింద నటీనటులు, గాయకులు, కెమెరా, ఎడిటింగ్ అన్నీ రాస్తారు. డప్పు కొట్టినవాళ్లు, ప్యాడ్స్ వాయించినవాళ్లు మాత్రం కనిపించరు. జడ్చర్లలో, మహబూబ్‌నగర్‌లో పాటలు తీస్తున్న కుర్రాళ్లు ఆ ఒక్క వరుస అదనంగా రాయాలి. పైసా ఖర్చు లేదు. ఈసారి పాట ఎక్కించే ముందు దరువు ఎవరిదో రాసి, అప్పుడు ఎక్కించండి.